పెద్దాయన దాచుకున్న నీళ్ళు

ఎడారి గదిలోని తాబేలు, కొత్తగా పనిలో చేరిన చిట్టి అడుగుల చప్పుడు విని బొరియలోంచి తల బయటపెట్టిన రోజు నుంచి ఎడారక్కకు అన్నం సయించలేదు.

ఎవరికైనా ఇది నవ్వులాటగానే ఉంటుంది. తాబేలు తల బయటపెట్టడం కూడా ఒక విశేషమేనా అంటారు. అలా అనేవాళ్ళెవరూ ఏళ్ళ తరబడి ఒక బొరియ ముందు గొంతుక్కూర్చుని, "రా నాన్నా, ఒక్కసారి రా" అని బతిమాలి, లోపల ఇసుక రేణువైనా కదలకపోతే నడుం పట్టుకుని లేచి వచ్చినవాళ్ళు కారు. ఎడారక్క అదంతా చేసింది. అందుకే ఆమె కడుపు మండింది. పోనీ చిట్టి పరాయి మనిషా అంటే అదీ కాదు, తోడబుట్టిన చెల్లెలు. పని చేస్తున్న బట్టల దుకాణం మూతపడి చిట్టి ఇంట్లో దిగాలుగా కూర్చుంటే, జంతువుల డాక్టరమ్మ కాళ్ళావేళ్ళా పడి జంతుప్రదర్శనశాలలో ఈ ఉద్యోగం వేయించింది ఎడారక్కే. చేతులారా తెచ్చి నెత్తిన పెట్టుకుంది. ఇక ఎవరిని అనాలి?

ఆమె అసలు పేరు జీతాలిచ్చే రోజున తప్ప ఎవరికీ గుర్తురాదు. గేటు దగ్గర టిక్కెట్లు చింపేవాడి నుంచి పులుల దగ్గర పనిచేసే తాతగారి దాకా అందరికీ ఆమె ఎడారక్కే. ఆ పేరంటే ఆమెకు లోలోపల మహా గర్వం. అడవి అందరూ చూసుకుంటారు, ఎడారి చూసుకోవడానికి గుండె కావాలి అని ఆమె లెక్క.

ఎడారి గది పెద్దదేమీ కాదు. మూడు వైపులా గోడలు, నాలుగో వైపు నిలువెత్తు అద్దం. అద్దానికి అటువైపు జనం నిలబడి చూస్తారు. ఇటువైపు ఇసుక, బండరాళ్ళు, ఎండు గడ్డి, పైన వేడి దీపాలు, మూలన గాలిలోని తడినంతా పీల్చేసే ఒక యంత్రం. వెనక గోడకు సన్న తలుపు ఉంటుంది. పనివాళ్ళు ఆ తలుపులోంచే లోపలికి వెళ్తారు. లోపలికి అడుగుపెడితే చాలు, పెదాలు పగులుతాయి. ఎడారక్క పెదాలు ఏడాది పొడవునా పగిలే ఉండేవి. అది కూడా ఆమెకు గొప్పే.

మధ్యాహ్నం పూట ఆమె అద్దానికి అవతలివైపు వెళ్ళి జనానికి కథ చెప్పేది. "ఆ నక్క చెవులు చూశారా, మొహం కన్నా పెద్దవి. చాడీలు వినడానికి కాదు లెండి. ఒంట్లో వేడంతా ఆ చెవుల్లోంచి బయటికి పోతుంది. ఆ గెంతుడెలుక ఉంది చూశారూ, అది పుట్టిన దగ్గర్నుంచీ చుక్క నీళ్ళు ముట్టదు. తిన్న గింజల్లోంచే ఒంటికి కావలసిన తడి పుట్టించుకుంటుంది. మా ఇంట్లో మా ఆయనకు గంటకోసారి గ్లాసు అందించాలి!" జనం నవ్వేవారు. "ఇక ఆ ముళ్ళబల్లి తడి ఇసుకలో కాళ్ళు పెట్టి నిలబడితే చాలు, ఒంటిమీద వెంట్రుకవాసి చాళ్ళుంటాయి, వాటి వెంట నీళ్ళు పాక్కుంటూ వచ్చి నోట్లో పడతాయి." అలా అందర్నీ పరిచయం చేసి, చివరికి గొంతు తగ్గించి, "అదిగో, ఆ బొరియలో ఉన్నాడే, ఆయన మా పెద్దాయన" అనేది.

పెద్దాయన అంటే తాబేలు. గది కట్టక ముందు నుంచీ ఉన్నాడు, డాక్టరమ్మ కన్నా వయసులో పెద్దవాడంటారు. డిప్ప మీద ఒకచోట చిన్న పగులు. కళ్ళు ఎప్పుడూ ఎవరి మీదో అలిగినట్టే ఉంటాయి.

ఆయన సంగతి మిగతావాటిలా కాదు. ఎడారిలో వాన పడ్డప్పుడు తాబేలు కడుపారా తాగి, ఆ నీళ్ళను ఒంట్లో ఒక సంచిలో దాచుకుంటుంది. మళ్ళీ వాన పడేదాకా నెలల తరబడి ఆ దాచుకున్న నీళ్ళే దానికి ఆధారం. అందుకే ఎడారి గదిలో కూడా పెద్దాయనకు రోజూ గిన్నెలో నీళ్ళు పెట్టరు. ఏడాదికి రెండుసార్లు వాన కురిపిస్తారు. పైకప్పు కింద చిల్లుల గొట్టం ఉంది. దాని కుళాయి ఒక ఇనుప పెట్టెలో ఉంది. ఆ పెట్టె తాళంచెవి ఎడారక్క మెడలో నల్లదారానికి వేలాడుతుంది. వాన ఎప్పుడు పడాలో ఆమె చెప్పాలి. "ఇక్కడ మేఘాలు నా మాట వింటాయి" అని మురిసిపోయేది.

తలుపు లోపలి వైపు ఆమె స్వయంగా సుద్దముక్కతో పెద్ద అక్షరాలతో రాసి పెట్టింది, చెరిగినప్పుడల్లా మళ్ళీ దిద్దేది: "పెద్దాయనను ఎవరూ ఎత్తరాదు." ఎందుకంటే తాబేలును నేల మీంచి ఎత్తితే, ఏదో మృగం నోట కరుచుకుందనుకుంటుంది. ఆ బెదురులో, దాచుకున్న నీళ్ళన్నీ ఒక్కసారిగా వదిలేస్తుంది. ఎత్తినవాడు సరదాగా చూసి మళ్ళీ కింద పెట్టి తన దారిన పోతాడు. తాబేలు మాత్రం ఆ తర్వాత ఎన్నో రోజులకు, ఎక్కడో ఒక పొద కింద, దాహంతో పోతుంది. ఈ ముక్క చెప్పేటప్పుడు ఎడారక్క గొంతు వణికేది. కొందరు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు కూడా.

చిట్టి వచ్చిన కొత్తలో ఈ పాఠాలన్నీ ఎడారక్క ఆమెకు వల్లె వేయించింది. చిట్టి బుద్ధిగా తల ఊపింది, సగం మర్చిపోయింది. ఇప్పటికీ ఎవరైనా సందర్శకులు ఏదైనా అడిగితే, "ఉండండి, మా అక్కను పిలుస్తాను" అనేది. పనిలో కూడా అంతే. ఎడారక్క పొద్దున వచ్చిన దగ్గర్నుంచీ ఇసుక దువ్వుతుంది, రాళ్ళు జరుపుతుంది, నక్కల కింద గడ్డి మారుస్తుంది, పెద్దాయన బొరియ ముందు సాలెగూడు పట్టిందని కుంచె పెట్టి దులుపుతుంది, డిప్ప మీద దుమ్ము పడిందని బొరియలోకి చెయ్యి చాచి మెత్తని గుడ్డతో తుడుస్తుంది. చిట్టి తన వంతు పని చేసేసి, మూలనున్న బండ మీద కూర్చుని, మోకాళ్ళు పట్టుకుని, ఊరికే చూస్తుంటుంది. "కూర్చోవడానికి కూడా జీతం ఇస్తారని నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు" అని ఎడారక్క దెప్పేది. చిట్టి నవ్వేసి ఊరుకునేది.

అలా కూర్చున్న ఒక రోజే పెద్దాయన బయటికి వచ్చాడు. తల ఒక్కటే కాదు, మొత్తం మనిషి వచ్చాడు. తీరుబడిగా నడిచి వెళ్ళి చిట్టి చెప్పు పక్కన ఆగి, మెడ చాచి, ఆమె బొటనవేలిని వాసన చూశాడు. చిట్టి కదల్లేదు. ఆ తర్వాత ఆమె అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు, బొరియ నోట్లో ఆ అలిగిన మొహం కనిపించేది.

"నీ కాళ్ళకు ఏం రాసుకుంటున్నావే?" అంది ఎడారక్క మొదటి రోజు, నవ్వుతూనే.

"ఏం రాసుకుంటానక్కా, సబ్బు కూడా నీ సబ్బే" అంది చిట్టి.

రెండో వారానికి ఆ నవ్వు పోయింది. ఇది ఇప్పటి సంగతి కాదని ఎడారక్కకు అనిపించసాగింది. ఇంట్లో పిల్లి ఉండేది చిన్నప్పుడు. పాలు పోసేది తను, పడుకునేది చిట్టి పక్కలో. ఇంటికి ఎవరైనా చుట్టాలు వస్తే తను పరుగెత్తి మంచినీళ్ళు తెచ్చేది. వాళ్ళు ఆ నీళ్ళు తాగుతూ చిట్టిని ఒళ్ళో కూర్చోబెట్టుకునేవారు. చాకిరీ ఒకరిది, ముద్దు ఒకరిది. ఇన్నేళ్ళ తర్వాత, కళ్ళు కూడా సరిగ్గా కనిపించని ఒక ముసలి తాబేలు కూడా ఆ చుట్టాల్లో చేరిపోయింది.

ఆ సమయంలోనే డాక్టరమ్మ ఒక కబురు చెప్పింది. జంతువుల వైద్యం, వాటి బాగోగులు అన్నీ ఆవిడ చేతిలోనే ఉంటాయి. మాట తక్కువ, ఒక్కసారి అంటే అన్నట్టే. పాత గది ఇరుకైపోయిందని తోట వెనక కొత్త ఎడారి ఇల్లు కట్టారు, ఈ జంతువులన్నీ అక్కడికి వెళ్తాయి. అక్కడికి మనిషి ఒకరే కావాలి, రెండో ఆవిడ చిలకల దగ్గరికి వెళ్ళాలి.

ఆ ఒక్క మనిషి తనేనని ఎడారక్క రవ్వంత కూడా అనుమానపడలేదు. కానీ డాక్టరమ్మ అద్దం దగ్గర నిలబడి, పెద్దాయన చిట్టి వెనకాల ఇసుకలో గీత గీసుకుంటూ నడవడం చాలాసేపు చూసింది. "చోటు మారడం అంటే ముసలి ప్రాణానికి చాలా కష్టం. ఆయన ఎవరి దగ్గర బెదరకుండా ఉంటే వాళ్ళే వెళ్ళడం మంచిది. వచ్చే వారం వచ్చి తేలుస్తాను" అంది.

ఎడారక్కకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికి వెళ్ళి చెప్పుల మీద కసి తీర్చుకుంటూ విప్పి పడేసింది. ఆమె భర్త దర్జీ, ముందు గదిలోనే కుట్టు మిషను. కాలు ఆపకుండానే తల ఎత్తి చూసి, "ఏం జరిగింది, పెద్దాయన విడాకులు ఇచ్చాడా?" అన్నాడు.

"నోరు మూసుకుని కుట్టుకో."

"చెల్లెల్ని సవతిని చేసుకున్నావు కదే, అదీ తాబేలు కోసం! అక్కాచెల్లెళ్ళు నగల కోసం పోట్లాడుకోవడం చూశాను, చీరల కోసం పోట్లాడుకోవడం చూశాను..."

"నేను చేసింది అంతా ఇంతా కాదు వాడికి. కడిగాను, తుడిచాను, ఎండు గడ్డి ఏరి పెట్టాను, చలికాలం దీపం ఆరిపోతే గోనెపట్టా కప్పి పక్కనే కూర్చున్నాను. అది వచ్చి బండ మీద కూర్చుంది, అంతే. కూర్చుంది! వాడు దాని వెనకాల పడ్డాడు."

దర్జీ మిషను ఆపి దారం కొరికాడు. "నేనొక మాట చెప్తే కొట్టవు కదా? పొద్దున లేచిన దగ్గర్నుంచి నువ్వు నన్నూ అలాగే సర్దుతావు. కాలరు సరిచేస్తావు, జుట్టు సరిచేస్తావు, తింటుంటే కంచం సరిచేస్తావు. నాకు డిప్ప లేదు కాబట్టి ఇలా బయట ఉన్నాను."

ఆమె కొట్టలేదు కానీ, ఆ పూట మాట్లాడలేదు.

మర్నాడు చిట్టి గోదాములో గింజలు తూకం వేయిస్తుంటే, ఎడారక్క తలుపు దగ్గర ఆమె విడిచిన చెప్పులు చూసింది. ఎడారి గదిలో పనికి చిట్టి ఎప్పుడూ ఆ పాత చెప్పులే వేసుకునేది. ఎడమ చెప్పు అడుగున అరిగి, నేల మీద ఒక రకంగా ఈడ్చుకుపోయేది. తాబేలుకు చెవికన్నా కాళ్ళ కింద నేల అదురే బాగా తెలుస్తుందని ఎడారక్కే ఎన్నోసార్లు జనానికి చెప్పింది. అటూ ఇటూ చూసి, తన బూట్లు విప్పి, ఆ చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. చెప్పులు బిగుతుగా ఉన్నాయి, మడమలు వెనక్కి వచ్చేశాయి. చిట్టిలాగే బద్ధకంగా, ఎడమ కాలు కాస్త ఈడుస్తూ, లోపలికి నడిచింది.

బొరియ నోట్లో మొహం కనిపించింది.

ఎడారక్కకు ప్రాణం లేచొచ్చింది. "నాన్నా" అంది, కళ్ళ నీళ్ళు తిరుగుతుంటే, రెండు చేతులూ చాపి. పెద్దాయన ఆ చేతుల వంక చూశాడు. మెడ మెల్లగా లోపలికి పోయింది. తర్వాత డిప్ప కూడా వెనక్కి జరిగి చీకట్లో కలిసిపోయింది. నక్కల్లో ఒకటి ఆ పెద్ద చెవులు ఇటు తిప్పి అంతా చూసింది.

"అక్కా, నా చెప్పులు..." అని వెనక తలుపు దగ్గర చిట్టి గొంతు.

"చూసుకోలేదే. పొరపాటున వేసుకున్నాను" అంది ఎడారక్క మొహం తిప్పుకుని.

చిట్టి తలుపు వారగా విడిచి ఉన్న బూట్ల వంక చూసింది. పొరపాటున ఎవరూ బూట్ల లేసులు విప్పుకోరని చిట్టికి తెలియదా? తెలిసీ ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం చూసి ఎడారక్కకు ఇంకా ఒళ్ళు మండింది.

డాక్టరమ్మ వస్తానన్న ముందురోజు సాయంత్రం ఇద్దరూ గేటు వైపు నడుస్తున్నారు.

"అక్కా, నేనే చిలకల దగ్గరికి పోతానని డాక్టరమ్మకు చెప్పేస్తాను. నాకు అవన్నా ఇష్టమే" అంది చిట్టి.

"అంటే నువ్వు వదిలేస్తే నేను ఏరుకోవాలా?"

"అలా కాదక్కా..."

"మరెలా? చిన్నప్పుడు కూడా ఇంతే. సగం కొరికిన బిస్కెట్టు ఇచ్చి, చూడు పెద్దదానికి ఎంత ప్రేమగా పెడుతుందో అనిపించుకునేదానివి. నాకు ఎవరి దయా అక్కర్లేదు. రేపు వాడు నా దగ్గరికే వస్తాడు, చూస్తూ ఉండు."

చిట్టి బస్సులో వేరే సీటులో కూర్చుంది.

డాక్టరమ్మ మధ్యాహ్నం వచ్చింది. వేడి దీపాలన్నీ వెలుగుతున్నాయి. ముగ్గురూ లోపలికి వెళ్ళారు. అద్దానికి అవతల ఎప్పటిలాగే జనం ఉన్నారు. వాన కురిసి చాలా కాలమైంది, తర్వాతి వానకు ఇంకా టైముంది. అంటే పెద్దాయన ఇప్పుడు బతుకుతున్నది దాచుకున్న నీళ్ళ మీదే. ఎడారక్క ఆ రోజు చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చింది. భర్త కుట్టిన కొత్త యూనిఫాం చొక్కా అది. చిట్టి కావాలనే అన్నిటికన్నా దూరంగా ఉన్న మూలకు పోయి, చెప్పులు విప్పేసి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. నేల అదరకూడదని ఊపిరి కూడా నెమ్మదిగా పీల్చుకుంటోంది.

"పిలవండి" అంది డాక్టరమ్మ.

ఎడారక్క బొరియ ముందు కూర్చుని పిలిచింది. లేత గొంతుతో, బతిమాలుతూ, బుజ్జగిస్తూ పిలిచింది. తాజా ఆకు కూడా చూపించింది. అలాంటి ఆకు రోజూ పెట్టరు. ముళ్ళబల్లి ఒకసారి తల తిప్పింది, అంతే. చాలాసేపటికి బొరియ దగ్గర ఇసుక కదిలింది. ముందు ముక్కు, తర్వాత ఆ అలిగిన కళ్ళు, తర్వాత పగులు ఉన్న డిప్ప బయటికి వచ్చాయి.

ఎడారక్క డాక్టరమ్మ వైపు చూసింది. ఆ చూపులో ఎంత గెలుపు ఉందో చెప్పడం కష్టం.

పెద్దాయన ఆకు దగ్గరికి వచ్చాడు. ఆగాడు. ఆకును వాసన చూశాడు. తర్వాత దాన్ని దాటుకుని, ఆమె మోకాలి పక్క నుంచి, ఏమీ లేని చోటు నుంచి నడిచినట్టు నడిచి, దూరపు మూల వైపు బయలుదేరాడు. చిట్టి గోడకు మరింత అతుక్కుపోయింది. తల అడ్డంగా ఊపుతూ, పెదాలతో "వద్దు, వద్దు" అంటోంది. పెద్దాయన ఆ మూలకే పోతున్నాడు. మిగతా గది అంతా ఆయనకు అనవసరం.

అద్దానికి అవతల ఎవరో నవ్వారు. వాళ్ళు దేనికి నవ్వారో ఎవరికి తెలుసు. ఎడారక్కకు మాత్రం అది తన గురించే అనిపించింది.

"ఎక్కడికి రా పోతావు?" అంటూ ఆమె వంగి, రెండు చేతులతో డిప్పను పట్టుకుని పైకి ఎత్తింది. ఎత్తి, గుండెలకు హత్తుకుంది. తలుపు మీద రాసిన మాట ఆమెకు గుర్తు రాలేదు. వాడు తన వాడు, తను ఎత్తుకుంటే ఏమవుతుంది అనే ఉంది ఆ క్షణంలో, అంతకు మించి ఏమీ లేదు.

నాలుగు కాళ్ళూ గాలిలో ఒక్కసారి కొట్టుకున్నాయి. తల లోపలికి పోయింది. ఆ వెంటనే ఆమె చొక్కా మీద, చేతుల మీద, ప్యాంటు మీద గోరువెచ్చగా నీళ్ళు జారాయి. ఒకటి రెండు చుక్కలు కాదు. కారుతూనే ఉన్నాయి. కొత్త చొక్కా ఒంటికి అంటుకుపోయింది. కింద పడ్డవి పడ్డట్టే ఇసుక తాగేసింది. ఆమె చూస్తుండగానే ఆ తడి మచ్చ అంచుల నుంచి ఆరిపోవడం మొదలుపెట్టింది. ఒక కాలానికని దాచుకున్న నీళ్ళు పోవడానికి ఒక నిమిషం కూడా పట్టలేదు.

"కింద పెట్టండి. మెల్లగా" అంది డాక్టరమ్మ.

కింద పెట్టింది. పెద్దాయన డిప్ప మూసుకున్నాడు. కాళ్ళు లేవు, తల లేదు, ఒక రాయి ఉంది. డాక్టరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, డిప్ప కింద వేళ్ళు పెట్టి చూసింది. "ఈ వయసులో ఈ వేడికి ఇలా వదిలేస్తే తట్టుకోలేడు. ఇప్పుడే తాగాలి. సూదితో ఎక్కించాలంటే మళ్ళీ పట్టుకోవాలి, అది ఇంకా ప్రమాదం. తనంతట తనే తాగాలి. తల బయటపెడితేనే."

"వాన..." అంది ఎడారక్క. మెడలో తాళంచెవి తడుముకుంది. తడిసిన దారం ముడి వేళ్ళకు దొరకలేదు. ఆమె ఇనుప పెట్టె వైపు రెండడుగులు వేసింది. ఆ అడుగులకు డిప్ప అంచున కనిపిస్తున్న కాలి గోరు కాస్తా లోపలికి పోయింది.

అది చిట్టి చూసింది. డాక్టరమ్మ కూడా చూసింది. ఎడారక్క చూడలేదనుకోవడానికి వీల్లేదు.

చిట్టి మూలలోంచే, నేల అదరకుండా, గొంతు పెంచకుండా అంది. "అక్కా. నువ్వు బయటికి వెళ్ళు."

పుట్టిన దగ్గర్నుంచి చిట్టి అక్కను ఎక్కడినుంచైనా వెళ్ళిపొమ్మనడం అదే మొదలు. ఎడారక్క నోరు తెరిచింది. ఎన్నో మాటలు గొంతులోకి వచ్చాయి. ఈ గదిలో ఒక్కో రాయి నేను పెట్టింది, నువ్వు ఎవరివే నన్ను పొమ్మనడానికి, నిన్ను తెచ్చింది నేను, వాడు నా వాడు. తెరిచిన నోరు అలాగే మూసుకుంది. నల్లదారాన్ని ముడి విప్పకుండా తల మీంచే తీసేసింది. జుట్టుకు చిక్కుకుంటే లాగింది. ఆ తాళంచెవిని ఇసుక మీద పెట్టి, వెనక్కి వెనక్కి నడిచి తలుపు దాటింది.

బయట వరండా తిరిగి, అద్దానికి అవతలివైపు, జనంలోకి వచ్చి నిలబడింది. చొక్కా తడిసి ఉందని ఒకరిద్దరు పక్కకు జరిగారు. ఎన్నో మధ్యాహ్నాలు ఇక్కడే నిలబడి ఆమె కథ చెప్పింది. అప్పుడెప్పుడూ ఆమె వీపు అద్దానికి ఉండేది, మొహం జనానికి. ఇప్పుడు ఆమె కూడా అందరిలాగే అద్దంలోకి చూస్తోంది.

లోపల చిట్టి వట్టి కాళ్ళతో వెళ్ళి తాళం తీసి కుళాయి తిప్పింది. గొట్టం దగ్గు వచ్చినట్టు అదిరి, వాన మొదలైంది. అద్దంలోంచి చప్పుడు వినిపించలేదు. నక్కలు బండ కిందికి దూరాయి. ముళ్ళబల్లి తడి ఇసుకలో నిలబడి నోరు ఆడిస్తోంది. రాతి మీది గుంటలో నీళ్ళు చేరాయి. చిట్టి ఆ బండ మీదే, వానలో తడుస్తూ, మోకాళ్ళు పట్టుకుని ఊరికే కూర్చుంది. అదే కూర్చోవడం. ఎడారక్క ఎన్నిసార్లు దెప్పిందో ఆ కూర్చోవడాన్నే.

పెద్దాయన కదల్లేదు. వాన డిప్ప మీద పడి పగులు వెంట జారుతోంది.

"ఆ తాబేలు ఎందుకండీ అలా ముడుచుకుపోయింది?" అంది పక్కనున్న ఒక ముసలావిడ. ఎడారక్క చొక్కా జేబు మీది బొమ్మ చూసి, ఇక్కడ పనిచేసే మనిషని పోల్చుకుంది.

"బెదిరింది" అంది ఎడారక్క. "బెదిరితే దాచుకున్న నీళ్ళన్నీ వదిలేస్తుంది. మళ్ళీ తాగకపోతే బతకదు."

"అయ్యో పాపం. దేన్ని చూసి బెదిరింది?"

ఎడారక్క అద్దం మీద తన ఊపిరి ఆవిరి పడితే చేత్తో తుడిచింది.

"నన్ను చూసి" అంది.

ముసలావిడ చేతిసంచి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

అప్పుడు డిప్ప కింద ముక్కు కనిపించింది. తర్వాత కళ్ళు. ఆ కళ్ళు అటూ ఇటూ వెతికాయి. వెతికింది ఎవరి కోసమో ఎడారక్కకు తెలుసు, దేనికి భయపడుతూ వెతికాయో కూడా తెలుసు. చిట్టి తల తిప్పలేదు. పెద్దాయన కాళ్ళు ఒక్కొక్కటిగా బయటపెట్టి, తడి ఇసుకలో దిగబడుతూ, గుంట దాకా నడిచాడు. మెడ సాగదీసి, ముక్కు నీళ్ళలో ముంచాడు. గొంతు దగ్గరి ముడతలు కదలడం మొదలైంది. కదులుతూనే ఉన్నాయి.

ఎడారక్క అద్దానికి నుదురు ఆనించి ఏడ్చింది. బతికాడన్న సంతోషం ఉంది అందులో. కానీ అంతా అదే అని ఎవరైనా అంటే అది అబద్ధం. తను కురిపించాల్సిన వాన అది. ఆ బండ మీద తడవాల్సింది తను. అంత ఏడుపులోనూ చిట్టి వీపు వంక చూస్తుంటే, కడుపులో ఆ మంట ఎక్కడికీ పోలేదని, ఇక పోదని ఆమెకు తెలిసిపోయింది. కాకపోతే ఆ మంటను తీసుకుని ఆ గదిలోకి మళ్ళీ అడుగు పెట్టకూడదు.

"తాగుతోంది, తాగుతోంది!" అంది ముసలావిడ సంబరంగా. "ఆ లోపల ఉన్నావిడ ఎంత ఓపికగా కూర్చుందో చూడండి. ఆవిడెవరండీ?"

డాక్టరమ్మ లోపలి నుంచి అద్దం వైపు చూస్తోంది. చిట్టి మాత్రం ఇంకా ఇటు తిరగలేదు.

"ఎడారక్క" అంది ఆమె అద్దం మీంచి నుదురు తీసి. "ఈ గదంతా ఆవిడే చూసుకుంటుంది."

తర్వాత తడి చొక్కాను ఒంటి నుంచి విడదీసుకుంటూ, చిలకల వైపు ఎటు వెళ్ళాలో తెలిసి కూడా, గోడ మీది బాణం గుర్తు చూసుకుంటూ నడిచింది.